వందల వీడియో క్లిప్పుల మొత్తం నిడివి ఎట్లా తీయాలె? రెండు చోట్ల రెండు లెక్కలు వస్తున్నయ్

పెళ్లిపందిరి_స్టూడియో (జగిత్యాల)
అన్నలూ, ఒక పెళ్లి పని చేతిలో ఉంది. మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా మూడు సోనీ కెమెరాలతో తీసినం. క్లిప్పులు నాలుగు వందలు దాటినయ్. ఎడిటింగ్ హైదరాబాద్‌లో ఒకాయనకు ఇస్తున్నం. ఆయన రా ఫుటేజ్ గంటల లెక్కన రేటు చెప్తడు. మొత్తం ఎన్ని గంటలుందో పొద్దున్నే చెప్పుమన్నడు.

విండోస్‌లో మూడు కెమెరాల క్లిప్ ఫోల్డర్లు తెరిచి, సెలెక్ట్ కొట్టి, ప్రాపర్టీస్‌లో చూసి కలిపితే 13 గంటల 40 నిమిషాలు వచ్చింది. అదే హార్డ్‌డిస్క్‌లోని పెళ్లి ఫోల్డర్ మొత్తాన్ని వీఎల్‌సీ ప్లేయర్‌లోకి లాగితే ప్లేలిస్ట్ పైన 27 గంటల 5 నిమిషాలు చూపిస్తుంది. ఏది నమ్మాలె? రేటు మీద మస్తు తేడా పడతది.

గోదారిగట్టు (రాజమండ్రి)
దాదాపు రెట్టింపు వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ప్రాక్సీ ఫైళ్లనండి. సోనీ కార్డులో ప్రైవేట్ అనే ఫోల్డర్, దాని లోపల ఎం4రూట్, అందులో క్లిప్, సబ్ అని విడివిడిగా ఉంటాయి. అసలు ఫుటేజ్ క్లిప్‌లో ఉంటుంది. కెమెరాలో ప్రాక్సీ రికార్డింగ్ ఆన్ చేసి ఉంటే ప్రతి క్లిప్పుకీ తక్కువ క్వాలిటీ కాపీ ఒకటి సబ్‌లో పడుతుంది. సైజు చిన్నదే, నిడివి మాత్రం అసలు దానితో సమానం. మీరు విండోస్‌లో క్లిప్ ఫోల్డర్లే చూశారు. వీఎల్‌సీకి మొత్తం ఫోల్డర్ ఇచ్చారు. అది సబ్‌లో ఉన్నవీ కలిపేసింది.

ఒక్కసారి సబ్ ఫోల్డర్ తెరిచి పేర్లు చూడండి. సీ0001 పక్కన ఎస్03 అని తోక ఉంటే అవి ప్రాక్సీలే.

పెళ్లిపందిరి_స్టూడియో
ఉన్నయ్ అన్నా. మూడు కెమెరాలకూ ఉన్నయ్. వాటి నిడివి విడిగా చూస్తే 13 గంటల 25 నిమిషాలు. మరి ఆ 15 నిమిషాల తేడా ఏంది? ఏమన్న క్లిప్పులు పోయినయా అని భయమైతుంది. పెళ్లి మళ్ల తీసేది కాదు కదా.

కన్సోల్_కాకా (వరంగల్)
భయపడకు తమ్మీ. ముందు సైజుతో లెక్క సరిచూద్దాం. నిడివి ఏ సాఫ్ట్‌వేర్ చెప్పినా సరే, నేను దీంతో తిప్పి చూడకుండా నమ్మను.

ఏ బిట్‌రేట్‌లో తీశారు? ఫోల్డర్ మొత్తం సైజు ఎంత?

పెళ్లిపందిరి_స్టూడియో
4కే, 100 ఎంబీపీఎస్. మూడు కెమెరాలకూ అదే సెట్టింగ్. పెళ్లి ఫోల్డర్ మొత్తం విండోస్‌లో 624 జీబీ చూపిస్తుంది.

కన్సోల్_కాకా
అయితే చూడు. సెకనుకు 100 మెగాబిట్లు అంటే పన్నెండున్నర మెగాబైట్లు. గంటకు 3,600 సెకన్లు, అంటే గంట ఫుటేజ్‌కు 45 జీబీ. విండోస్ చూపే జీబీ 1024 లెక్కది, కెమెరా బిట్‌రేట్ 1000 లెక్కది. అందుకని 624ను 1.074తో గుణించు, 670 వస్తుంది. 670ని 45తో భాగిస్తే 15 గంటలకు కొంచెం తక్కువ. ఈ సైజులో 100 ఎంబీపీఎస్ ఫుటేజ్ 27 గంటలు పట్టనే పట్టదు. ప్రాక్సీలు తినే చోటు తీసేస్తే నీ 13 గంటల 40 నిమిషాలకే దగ్గరపడుతుంది.

ఇది ఉజ్జాయింపే. బిట్‌రేట్ సీన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఆడియో కూడా కొంత తింటుంది. కానీ 13నా 27నా అనే ప్రశ్నకు ఇది చాలు.

టైమ్‌లైన్_తమ్ముడు (హైదరాబాద్)
ఆ 15 నిమిషాల సంగతి నేను చెప్తా. స్లో మోషన్ ఏమైనా తీశారా అన్నా? తలంబ్రాలప్పుడు, బరాత్‌లో? సోనీలో కొన్ని మోడళ్లలో స్లో మోషన్ మోడ్ పెడితే ప్రాక్సీ రికార్డ్ కాదు. ఆ క్లిప్పులు క్లిప్ ఫోల్డర్‌లో ఉంటాయి, సబ్‌లో జోడీ ఉండదు.

పెళ్లిపందిరి_స్టూడియో
తీసినం తీసినం. తలంబ్రాలు, పూలు చల్లేది, అమ్మాయి పల్లకీ నుంచి దిగేది, అన్నీ స్లోలోనే. ఇప్పుడు పేర్లు సరిపోల్చి చూసిన. సబ్‌లో జోడీ లేనివన్నీ అవే. పానం నిమ్మలమైంది.

టైమ్‌లైన్_తమ్ముడు
ఇంకో మాట. 100 ఫ్రేములతో తీసి 25తో సేవ్ చేసే మోడ్ అయితే ఫైల్ నిడివి, తీసిన సమయానికి నాలుగు రెట్లు ఉంటుంది. 15 నిమిషాల స్లో క్లిప్పులు అంటే కెమెరా తిరిగింది నాలుగు నిమిషాల లోపే. ఎడిటర్‌కు మాత్రం 15 నిమిషాలే చెప్పండి, ఆయన కూర్చుని చూడాల్సింది అంతే కాబట్టి.

ఎడిటింగ్ వైపు నుంచి ఒక విన్నపం. గంటలు చెప్పేటప్పుడు మూడు కెమెరాలకూ కలిపి ఒక్క అంకె చెప్పకండి. కెమెరా వారీగా చెప్పండి. 13:40లో ముహూర్తం మూడు కెమెరాల్లోనూ ఉంటుంది. జీలకర్ర బెల్లం నుంచి మాంగల్యధారణ దాకా గంటన్నర అనుకుంటే, ఫుటేజ్‌లో అది నాలుగున్నర గంటలు. ఆ భాగాన్ని నేను మూడు కెమెరాలనూ పక్కపక్కన చూపే మల్టీక్యామ్‌లో సింక్ చేసి ఒక్క వరుసలో చూస్తా. హల్దీలో ఒక్క కెమెరాతో తీసిన మూడు గంటలు మాత్రం పూర్తిగా మూడు గంటలే కూర్చోవాలి. మొత్తం అంకె ఒకటే అయినా పని వేరు. ఇది తెలియక రేటు దగ్గర మాటా మాటా వచ్చిన పనులు మా దగ్గర చాలానే ఉన్నాయి.

పాఠాల_టీచర్ (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారమండీ. ఈ చర్చ నాకూ పనికొస్తుంది. పిల్లల కోసం రికార్డు చేసిన గణితం పాఠాలు ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాయి. మొత్తం ఎన్ని గంటల పాఠం ఉందో రాసివ్వాలి. మొదట పైన చెప్పిన ప్రాపర్టీస్ పద్ధతి కొంచెం వివరంగా చెప్తారా? అన్నీ సెలెక్ట్ చేస్తే నాకు సైజు మాత్రమే కనిపిస్తోంది.

గోదారిగట్టు
సైజు కనిపించేది జనరల్ ట్యాబ్‌లోనండి. దాని పక్కన డీటెయిల్స్ అనే ట్యాబ్ ఉంటుంది, అందులో వీడియో కింద లెంగ్త్ అని ఉంటుంది. ఎంచుకున్నవన్నీ వీడియోలే అయితే అక్కడ అన్నిటి మొత్తం వస్తుంది. ఫోల్డర్లను ఎంచుకుంటే రాదు, ఫైళ్లనే ఎంచుకోవాలి. తరగతికో ఫోల్డర్ ఉంటే పై ఫోల్డర్‌లో నిలబడి, సెర్చ్ పెట్టెలో నక్షత్రం గుర్తు, చుక్క, ఎంపీ4 అని కొట్టండి. లోపలి ఫోల్డర్లలో ఉన్నవన్నీ ఒకే జాబితాగా పరుస్తుంది. అప్పుడు కంట్రోల్ ఏ, తర్వాత ఆల్ట్ ఎంటర్.

విండోస్ 10లో అయితే వ్యూ మెనూలో డీటెయిల్స్ పేన్ ఆన్ చేసినా కుడివైపు మొత్తం కనిపిస్తుంది. 15 ఫైళ్లు దాటితే అక్కడ తనంతట తాను లెక్కించదు, షో మోర్ డీటెయిల్స్ అన్న లింక్ నొక్కాలి. విండోస్ 11లో ఆ పేన్ మారిపోయింది కాబట్టి ప్రాపర్టీస్ దారే పట్టండి.

స్టూడియో వారికి మాత్రం హెచ్చరిక: ఈ సెర్చ్ పద్ధతి సబ్ ఫోల్డర్‌లోని ప్రాక్సీలనూ లాక్కొస్తుంది.

పాఠాల_టీచర్
చాలా థాంక్సండీ, ఎంపీ4 ఫైళ్లకు వచ్చేసింది. కానీ కొన్ని పాఠాలు బ్రౌజర్‌లోనే స్క్రీన్ రికార్డు చేశాను, అవి వెబ్ఎం అని ఉన్నాయి. వాటికి లెంగ్త్ దగ్గర ఖాళీ. ప్లే చేస్తే మాత్రం శుభ్రంగా ఆడుతున్నాయి.

కన్సోల్_కాకా
ఫైల్‌లో తప్పేమీ లేదు మేడమ్. నిడివి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఎంపీ4లో మూవ్ అనే భాగం ఒకటి ఉంటుంది. రికార్డింగ్ ఆపాక, ఫైల్ ఎంత సేపుందో దాని హెడర్‌లో రాసిపెడతారు. విండోస్ గానీ వీఎల్‌సీ గానీ వీడియో మొత్తం ఆడించి లెక్కపెట్టవు, ఆ అంకెను చదువుతాయి. అందుకే వందల ఫైళ్లు క్షణాల్లో అయిపోతాయి. బ్రౌజర్ రికార్డర్ అలా కాదు. వచ్చిన ముక్కను వచ్చినట్టే వరుసగా రాసుకుంటూ పోతుంది, ఆపాక వెనక్కి వచ్చి మొదట్లో నిడివి నింపదు. చదవడానికి అక్కడ అంకే లేదు.

మందు సులువు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్ లైన్ సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైల్‌ను కాపీ మోడ్‌లో కొత్త వెబ్ఎంగా రాయించండి. మళ్లీ ఎన్‌కోడ్ కాదు, క్వాలిటీ చుక్క కూడా పోదు, ఒక్కో పాఠానికి కొన్ని సెకన్లే పడుతుంది. ప్యాకింగ్ మారేటప్పుడు నిడివి హెడర్‌లోకి ఎక్కుతుంది. కమాండ్ లైన్ వద్దనుకుంటే లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఏమీ కత్తిరించకుండా ఎక్స్‌పోర్ట్ కొట్టండి. అది లోపల చేసేదీ అదే.

మధ్యలో కరెంటు పోయి ఆగిన ఎంపీ4 ఉంటే కథ వేరు. మూవ్ రాయకముందే ఆగింది కాబట్టి నిడివే కాదు, ఫైలే తెరుచుకోదు. స్క్రీన్ రికార్డింగ్ చేసేవాళ్లు ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ ఫార్మాట్ ఎంకేవీగా పెట్టుకోండి అని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఎంకేవీ మధ్యలో తెగినా అప్పటిదాకా రాసింది దక్కుతుంది.

ఎడిసన్_తెలుగు (న్యూజెర్సీ)
మ్యాక్ వాడేవాళ్ల కోసం: ఫైండర్ ఒక్కో ఫైల్‌కు డ్యురేషన్ చూపిస్తుంది గానీ ఎన్ని ఎంచుకున్నా కూడి చెప్పదు. నేను ఇక్కడ తెలుగు బడి పిల్లల వార్షికోత్సవం వీడియోలకు డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ టైమ్‌లైన్ తీసి, అన్ని క్లిప్పులూ దానిపై పడేసి, చివర ఎక్కడ ఉందో చూస్తాను. ఒకే ఫ్రేమ్‌రేట్‌లో తీసినవైతే బాగానే వస్తుంది.

టైమ్‌లైన్_తమ్ముడు
ఎడిటింగ్‌కు ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ ఉంటే టైమ్‌లైన్ కూడా అక్కర్లేదు. బిన్‌లో, అంటే అందులో క్లిప్పులు పెట్టుకునే ఫోల్డర్‌లో, క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి ఇన్ఫో ప్యానెల్ చూడండి. ఎన్ని ఐటెమ్‌లు, టోటల్ డ్యురేషన్ ఎంత అని అక్కడే రాసి ఉంటుంది. నేను రోజూ చేసేది ఇదే, పని మొదలుపెట్టగానే బిన్ వారీగా అంకెలు రాసుకుంటా.

పాఠాల_టీచర్
వెబ్ఎం ఫైళ్లు అన్నీ సరయ్యాయి. కాకా గారికి ధన్యవాదాలు. ఇప్పుడు తరగతి వారీగా, పాఠం వారీగా ఎక్సెల్‌లో వేస్తున్నాను. పాఠం నిడివి 45:30 అని కొడితే పైన ఫార్ములా బార్‌లో 01-01-1900 21:30:00 అని వస్తోంది! మొత్తం కూడితే ఇంకేదో అంకె.

గోదారిగట్టు
ఎక్సెల్ 45:30 అనే రాతను 45 గంటల 30 నిమిషాలుగా చదువుతుందండి, నిమిషాలు సెకన్లుగా కాదు. 45 గంటలంటే ఒక రోజు దాటి 21 గంటల 30 నిమిషాలు. ఎక్సెల్ క్యాలెండర్‌లో ఒకటో రోజు 1900 జనవరి 1. అందుకే ఆ తేదీ వచ్చింది. ముందు సున్నా గంటలు చేర్చి 0:45:30 అని కొట్టండి. ఇప్పటికే కొట్టేసినవన్నీ ఇలాగే ఉంటే ఒక ఖాళీ గడిలో 60 వేసి కాపీ చేసి, ఆ వరుస మీద పేస్ట్ స్పెషల్‌లో డివైడ్ ఎంచుకోండి. గంటలు నిమిషాలుగా, నిమిషాలు సెకన్లుగా దిగిపోతాయి.

రెండోది, మొత్తం వచ్చే గడి ఫార్మాట్. మామూలు గంటల ఫార్మాట్ 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలెడుతుంది. పైన స్టూడియో వారి 27:05ను అందులో వేస్తే 3:05 అని చూపిస్తుంది. ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్‌కు వెళ్లి, గంటల అక్షరం హెచ్‌ను చదరపు బ్రాకెట్లలో పెట్టండి. అప్పుడు 24 దాటినా గంటలు గంటలుగానే పెరుగుతాయి.

మొత్తం దగ్గర సున్నా వస్తుంటే ఆ గడుల్లో ఉన్నది సమయం కాదు, టెక్స్ట్. వేరే చోట నుంచి కాపీ చేసి తెచ్చినప్పుడు అలా జరుగుతుంది.

ఫిలిం_డబ్బా (విజయవాడ)
మీరంతా మాట్లాడుకుంటుంటే చదువుతున్నాను బాబూ. గవర్నర్‌పేట హాళ్లలో ఆపరేటర్ క్యాబిన్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. మాకు నిడివి అంటే పొడవే. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమా 13,500 అడుగులు, మీటర్లలో 4,115. సెన్సారు సర్టిఫికెట్ మీద మీటర్లు చూసి ఇంటర్వెల్ ఎన్ని గంటలకు పడుతుందో, రెండో ఆట ఎప్పుడు వదులుతామో చెప్పేసేవాళ్లం. ప్రింటులో ముక్క పోతే పొడవు తగ్గేది, టైము తగ్గేది. ఫిల్ము చేతిలో ఉంటే దాని కాలం కూడా చేతిలో ఉన్నట్టే. ఇప్పుడు ఫైల్ తన నిడివి తానే రాసుకుంటుందని, ఒక్కోసారి రాసుకోదని ఇక్కడే తెలిసింది. మంచి విషయం చెప్పారు.

హరికథ_వారసుడు (తెనాలి)
పెద్దాయన గారికి నమస్కారం. నాదీ పాత సరుకే. మా నాన్నగారి హరికథలు పదిహేనేళ్ల కిందట ఎవరో డీవీడీల మీదికి ఎక్కించి ఇచ్చారు. డిస్కులు పాడవకముందే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. వీడియో టీఎస్ ఫోల్డర్‌లో విఓబీ ఫైళ్లు ఉన్నాయి. ఒక్కోటి దాదాపు 1 జీబీ. ఒక విఓబీకి 22 నిమిషాలు చూపిస్తుంది, పక్కదానికి కొన్ని సెకన్లే చూపిస్తుంది, ఆడిస్తే మాత్రం చాలాసేపు నడుస్తుంది. రుక్మిణీ కల్యాణం కథ పూర్తిగా ఉందో లేదో నిడివి చూసి తేల్చుకోవాలని.

కన్సోల్_కాకా
విఓబీలను విడివిడిగా కొలవకండి. డీవీడీ నియమం ప్రకారం ఒకే కథను 1 జీబీ ముక్కలుగా కోసి పెడతారు, ముక్కలో నిడివి రాసుకునే హెడర్ లేదు. సాఫ్ట్‌వేర్ మొదటి టైమ్‌స్టాంప్, చివరి టైమ్‌స్టాంప్ చూసి తీసివేత చేస్తుంది. మధ్యలో ఎక్కడైనా టైమ్‌స్టాంప్ మళ్లీ సున్నా నుంచి మొదలైతే ఆ తీసివేతకు అర్థమే లేదు. మీకు కొన్ని సెకన్లే చూపించేది అలాంటి ముక్కే అయ్యుంటుంది.

సరైన నిడివి ఐఎఫ్ఓ ఫైల్‌లో ఉంటుంది. అదే ఫోల్డర్‌లో చిన్న సైజులో ఉంటుంది చూడండి, పేరు వీటీఎస్ 01 0తో మొదలవుతుంది. దాన్ని ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. లేదా వీఎల్‌సీలో ఫైల్‌గా కాకుండా ఫోల్డర్‌ను డిస్క్‌గా తెరిచి టైటిల్ ఆడించండి, కింద వచ్చే మొత్తం సమయం ఐఎఫ్ఓ నుంచి తీసుకున్నదే.

హరికథ_వారసుడు
మీడియాఇన్ఫోలో ఐఎఫ్ఓ తెరిచాను. 1 గంట 52 నిమిషాలు! విఓబీలు ఐదూ వరుసగా ఆడించి చూశాను, మంగళహారతి దాకా ఉంది. ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు కాకా గారూ.

కన్సోల్_కాకా
సంతోషం అండీ. రెండు కాపీలు చేసి రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి, అంతే చాలు.

ఇక కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు, మాటల్లోనే చెప్తున్నా. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌కు షో ఎంట్రీస్‌లో ఫార్మాట్ డ్యురేషన్ ఇచ్చి, అవుట్‌పుట్ సీఎస్‌వీగా అడిగితే ఫైల్‌కు ఒక అంకె, సెకన్లలో దశాంశాలతో వస్తుంది. ఒక క్లిప్పుకు 412.64 వచ్చిందంటే 6 నిమిషాల 52 సెకన్ల పైచిలుకు. అన్నీ కూడి 3,600తో భాగిస్తే గంటలు. మీడియాఇన్ఫో మిల్లీసెకన్లలో ఇస్తుంది, వెయ్యితో భాగించాలి. విండోస్ పవర్‌షెల్‌లో సిస్టమ్ మీడియా డ్యురేషన్ ప్రాపర్టీ చదివితే పెద్ద పెద్ద అంకెలు చూసి కంగారు పడకండి, కోటితో భాగిస్తే సెకన్లు వస్తాయి. చివరి ఫలితం టైమ్‌స్పాన్‌గా చూపిస్తే 1.03:05:00 లాగా ఉంటుంది. చుక్క ముందున్నది రోజు. అంటే 27 గంటల 5 నిమిషాలు.

మ్యాక్ నుంచి వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ డిస్కుల్లో చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లు ఎంపీ4 తోకతోనే ఉంటాయి. అవి వీడియోలు కావు. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ వాటి దగ్గర ఎర్రర్ ఇస్తే మీ ఫుటేజ్ పోయిందని అనుకోవద్దు, ముందే జాబితాలోంచి తీసేయండి.

పెళ్లిపందిరి_స్టూడియో
అన్నలూ, ఎడిటర్ అన్నకు కెమెరా వారీగా పంపిన. ఒకటోది 5 గంటల 10 నిమిషాలు, రెండోది 4 గంటల 35, మూడోది 3 గంటల 55, మొత్తం 13:40. స్లో క్లిప్పులు 15 నిమిషాలు అందులోనే ఉన్నయని, ముహూర్తం మూడిట్లో ఉందని కూడా రాసిన. ముహూర్తం భాగానికి రేటు తగ్గించి చెప్పిండు. ప్రాక్సీలు పంపాల్నా వద్దా?

టైమ్‌లైన్_తమ్ముడు
తప్పకుండా పంపండి, విడి ఫోల్డర్‌లో. 4కే ఫుటేజ్ మామూలు సిస్టమ్ మీద మల్టీక్యామ్‌లో ఆగి ఆగి ఆడుతుంది, ప్రాక్సీలుంటే ఆయనకు సగం కష్టం తగ్గుతుంది. ఫైల్ పేర్లు మాత్రం మార్చకండి, ఆ పేర్లతోనే అసలు క్లిప్పుకు జోడీ కుదురుతుంది. మూడు కెమెరాల్లోనూ సీ0001 ఉంటుంది కాబట్టి కెమెరాకో ఫోల్డర్ అలాగే ఉంచండి.

ఫైనల్ వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు కూడా నిడివి ముందే లెక్క చూసుకోండి. కస్టమర్ టీవీ పాతదైతే ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవే ఆడుతుంది, అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. 8 ఎంబీపీఎస్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తే గంటకు 3.6 జీబీ. మంగళస్నానాలు, ముహూర్తం, రిసెప్షన్ అని గంట లోపు భాగాలుగా చేయమని ఎడిటర్‌కు ఇప్పుడే చెప్పెయ్యండి.

పెళ్లిపందిరి_స్టూడియో
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిన అన్నా, నాలుగు భాగాలుగా ఇస్తనన్నడు. హార్డ్‌డిస్క్ రేపు పొద్దుగాల బస్సుకు పంపుతున్న. ఇంకో కాపీ స్టూడియోలనే ఉంచిన.